బొంతల నాంచారి కుట్టిన పట్టులంగా

అనగనగా అంటే, మా ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టని రోజులు. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. ఇంటింటికీ తిరిగి పాత గుడ్డలు అడిగి తెచ్చుకుని, ముక్కలు చేసి, బొంతలు కుట్టేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ. ఓణీ వేసే ఈడొచ్చిన పిల్ల జాతరకి పట్టులంగా కట్టుకుని అమ్మవారికి నీళ్ళ బిందె మోయాలి. ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు. అదీ దాటితే ఇంక లేదు. పట్టులంగా లేని పిల్లో? తలుపు చాటున ఉండాలి. ఉండమని ఎవరూ అనరు, వాళ్ళే ఉండిపోతారు. నాంచారి కూడా తన ఈడులో తలుపు సందులోంచి చూసినదే. ఆ బాధ ముసలితనం వచ్చినా పోలేదు.

ఒక ఏడు మునసబు గారి భార్య పాతగుడ్డల్లో ఒక పట్టులంగా పడేసింది. కూతురికి పొట్టయిపోయిందట. కత్తెర వెయ్యబోయి నాంచారి ఆగింది. పక్కింటి పైడి గుర్తొచ్చింది. తల్లి లేని పిల్ల, తండ్రి ఉప్పు మోస్తాడు. "ఇది కట్టుకుని బిందె ఎత్తుకోవే తల్లీ" అని ఇచ్చేసింది.

పైడి సంబరం ఏం చెప్పమంటారు! జాతర రోజు బిందె ఎత్తుకుని నలుగురిలో నడుస్తోంది. మునసబు గారి పిల్ల చూసింది. దానికి కల్మషం లేదు పాపం. "అమ్మా, అది నా లంగా! ఇదిగో, నేను పోసుకున్న చారు మరక!" అని అరిచింది. అందరూ తిరిగి చూశారు. పైడి బిందె దారిలోనే దింపేసి ఇంటికి పరిగెత్తింది.

"నీ లంగా వద్దు, నీ జాలీ వద్దు అవ్వా" అని లంగా తిరిగిచ్చేసింది.

నాంచారి నెత్తి కొట్టుకుంది. "నా బుద్ధి మండా! రోజూ గుడ్డలు ముక్కలు చేసేదాన్ని, దీన్ని మటుకు అలాగే ఇచ్చానే!"

ఏడాదంతా తిరిగింది. మునసబు గారి లంగా, శెట్టి గారింటి చిరిగిన పట్టుచీర, పెదకాపు గారింటి జరీ కండువా. మూడూ విప్పి ముక్కలు చేసింది, మూడూ ఉతికింది, మూడూ కలిపి ఒక లంగా కుట్టింది.

"వాళ్ళు గుర్తుపట్టరూ?" అంది పైడి.

"నువ్వే వచ్చి విను."

పైడి గోడ చాటున నిలబడింది. నాంచారి మునసబు గారి గుమ్మంలో లంగా పరిచింది. "ఎవరిదే నాంచారీ? ఎంత బాగుందో!" శెట్టి గారి గుమ్మంలో పరిచింది. "ఎవరిదే నాంచారీ? ఎంత బాగుందో!" పెదకాపు గారి గుమ్మంలోనూ అదే మాట. పైడికి నవ్వాగలేదు. ఆ జాతరకి బిందె మోసింది.

అప్పట్నుంచీ ఏటా ఎవరో ఒక పిల్లకి లంగా అందేది. ఎవరికి కుట్టావే అంటే, "ముసలిదాన్ని, మతిమరుపు" అనేది నాంచారి. మతిమరుపట! బొంతలో ఏ ముక్క ఏ ఇంటిదో చెప్పే మనిషి!

నాంచారి పోయిన రోజు, దిక్కులేని ముసలిది కదా, మోయడానికి నలుగురుంటే చాలనుకున్నారు. పిల్లల తల్లి అయిన పైడి పట్టులంగా పట్టుకుని వచ్చింది. "ఇది అవ్వ నాకు కుట్టింది" అని అందరూ వినేలా చెప్పి పాడె మీద కప్పింది. వెనకాల ఇంకొకామె. ఆమె వెనకాల ఇంకొకామె. మునసబు గారి కోడలు కూడా ఒకటి తెచ్చింది. సిగ్గుపడి ఇన్నేళ్ళు దాచుకున్న మాటని అందరూ గట్టిగా చెప్పి ఏడ్చారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పట్టుబట్ట ఇచ్చేవాళ్ళు కుట్లు విప్పి ఇస్తారు. జాతరలో లంగా కట్టిన పిల్లని "ఎక్కడిదే?" అని ఎవరూ అడగరు. తెలియక ఎవరైనా అడిగితే పెద్దవాళ్ళు కసురుకుంటారు: "నోర్ముయ్, నాంచారి వింటుంది!"