పైడమ్మ రోలు

తుపాను వెలిశాక జమీందారు వీరభూపతికి ఒకటే పంతం: పొరుగు జమీందారు ఊళ్ళో కంటే తన ఊళ్ళోనే ఎక్కువ వాన పడిందని తేలాలి. అక్కడ వాకిట్లో ఉంచిన రోలు వాననీటితో ముప్పాతిక నిండిందట. ఇక్కడ ఏ వాకిట్లో చూసినా సగమే. కుమ్మరి పైడమ్మ రోలు మాత్రం అంచుదాకా నిండిందని నౌకర్లు చెప్పారు. వెంటనే పొరుగాయనకు, రేపొచ్చి కళ్ళారా చూసుకొమ్మని కబురంపాడు. ఆ తర్వాతే తాను చూడ్డానికి వెళ్ళాడు.

రోలు ఇంట్లో ఉంది, కప్పుకు పడ్డ కంత కింద.

"ఇదేమిటే, కొంప ముంచావు! రేపు పొరుగాయన చూడ్డానికొస్తున్నాడు!"

రెండ్రోజులుగా ఇంట్లో చేరిన నీళ్ళు తోడిపోస్తున్న పైడమ్మకు లేచే ఓపిక కూడా లేదు. "మునిగింది నా కొంప, దొరా. తాటాకు ఇప్పించమని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. రేపు ఆ దొరగారు అడిగితే ఉన్నమాటే చెబుతాను. ఈలోగా కొత్త కప్పు వేయిస్తే, అడిగినా నోరు విప్పను."

మర్నాడు పొరుగాయన వచ్చేసరికి నిండు రోలు వాకిట్లో ఉంది. పైడమ్మ కొత్త కప్పు కింద, పొడి నేల మీద గుర్రుపెడుతోంది.