లేళ్లకు పులిహోర

ఒక వార్త వల్ల తుపాకులు ఆగిపోతే అది మంచి వార్తే కదా? మీరైతే ఏమంటారు?

సువర్చల సరిగ్గా ఇదే అడిగింది, తనకు విలేకరి విద్య నేర్పిన భుజంగరావు మాస్టారిని. అడగడమేమిటి, నిలదీసింది. గోదావరి నడుమ లంకలో జింకలు మితిమీరి పెరిగాయి. మేత చాలక బక్కచిక్కిపోయాయి. ముసలివాటిని, జబ్బుపడ్డవాటిని గురి తప్పని చేతులతో, బాధ తెలియకుండా కాల్చి మందను తగ్గించాలని అటవీశాఖ తలపెట్టింది. సువర్చల ఒక లేడిపిల్ల ఫొటో వేసి, 'నా నేరమేమిటి?' అని శీర్షిక పెట్టింది. ఊళ్లకు ఊళ్లే కదిలాయి. కాల్పులు ఆగాయి. అయినా మాస్టారు బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ మౌనమే ఆమెకు మింగుడుపడలేదు.

"వాదించండి మాస్టారూ. ఓడిపోతే ఒప్పుకుంటాను."

"నీతో వాదించి గెలిచినవాడెవడే తల్లీ? పద, లంకకు వెళ్లొద్దాం" అన్నారాయన.

పడవ నిండా జనం. ఆ వార్త చదివి కరిగినవాళ్లే. కొందరి ఒళ్లో బ్రెడ్డు పొట్లాలు, కొందరి కాళ్ల దగ్గర నూకల సంచులు. ఒకావిడైతే గంగాళంతో పులిహోరే తెచ్చింది. "నోరులేని జీవాలకు అన్నం పెట్టడం కంటే పుణ్యం ఏముందమ్మా? రాసిన చేతికీ అందులో వాటా ఉందిలే" అంది సువర్చలతో. సువర్చల మనసు నిండిపోయింది. మాస్టారి వైపు ఓరగా చూసింది. ఆయన నీళ్లకేసి చూస్తున్నారు.

ఒడ్డెక్కగానే, తుమ్మచెట్టు కింద ఒక ఆడజింక పడి కనిపించింది. పొట్ట మద్దెలలా బిగుసుకుపోయింది. కాళ్లు ఇసుకను గీరుతున్నాయి. పక్కనే పశువుల డాక్టరు చతికిలబడి ఉన్నాడు.

"ఏమైంది డాక్టరుగారూ?" అంది సువర్చల.

"నిన్న వచ్చినవాళ్లు అన్నం పెట్టారమ్మా. ఆకులలములు అరిగించుకునే కడుపు ఇది. ఆకలి మీద ఒక్కసారిగా అన్నం, బ్రెడ్డు పడేసరికి లోపల పులిసిపోయింది. ఇక బతకదు."

"మరి పోయేదాకా దానికి ఈ బాధెందుకు? మీరే ఏదో ఒకటి చేసి..." మాట సగంలోనే ఆగిపోయింది.

"ఒక్క సూదితో హాయిగా పోతుంది. కానీ ఏ జింక ప్రాణమూ తీయకూడదని పైనుంచి ఆదేశం. పొద్దుట్నుంచి అనుమతి కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాను. పేపర్లో పడతామని ఒక్కరూ ఊ అనడం లేదు."

జింక మెడ ఎత్తబోయి వాల్చేసింది. "అయ్యో, పాపం ఆకలేస్తోందేమో" అంటూ పులిహోర ఆవిడ గంగాళం మూత తీసింది. సువర్చల ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. మొహం తిప్పుకుని పడవ వైపు నడవబోయింది.

మాస్టారు అప్పటికే ఇసుకలో కూర్చున్నారు.

"మూత పెట్టేయండమ్మా. వచ్చి ఇలా కూర్చోండి, అందరూ. దీని ప్రాణం పోయేదాకా ఎవరూ లేవకండి." తర్వాత శిష్యురాలి వైపు చూశారు. "నువ్వూ కూర్చో. లేచాక రాద్దువుగాని."