గోరింక పాడిన జోలపాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పాట ఊరికే వినడం మర్యాద కాదు, పిల్లలూ. ఒక పాట విన్నవాళ్లు పాడినవాళ్ల కొమ్మ దగ్గర ఒక పండు పెట్టి వెళ్లాలి.

అక్కడ మోదుగ చెట్టు మీద ఒక పికిలిపిట్ట ఉండేది. గాలివానకు దాని రెక్క విరిగింది. ఎగిరి తిండి తెచ్చుకోలేకపోయేది. కానీ జోలపాటలు కట్టడంలో దానికి సాటి లేదు. పాటలకు వచ్చిన పండ్లతోనే గూట్లో ఉన్న ఒక్కగానొక్క పిల్లను సాకేది.

ఒకరోజు పక్క చెట్టు మీదికి ఒక గోరింక వచ్చి చేరింది. మహా తెలివైనది. ఏది విన్నా అచ్చుగుద్దినట్టు పలికేది. ఆకుల చాటున కూర్చుని పికిలి పాటలన్నీ పట్టేసింది. ఆపైన అడవంతా తిరిగి చాటింపు వేసుకుంది.

"నాకు ఒక్క పండు పెట్టండి, రోజంతా పాడతాను."

చౌకగా వస్తుంటే ఎవరు ఊరుకుంటారు? కుందేళ్లు వెళ్లాయి. లేళ్లు వెళ్లాయి. ఎలుగుబంటి కూడా బద్ధకం వదిలి వెళ్లింది. మోదుగ చెట్టు వైపు వచ్చేవాళ్లే లేరు.

పికిలి గోరింకను అడిగింది. "తమ్ముడూ, అవి నేను కట్టిన పాటలు కదా. నన్నొక్క మాట అడగాల్సింది."

"గాలిలోకి వదిలాక నీవెలా అవుతాయక్కా? విన్నాను, నేర్చుకున్నాను. నువ్వు మాత్రం ఎవరి పాటా వినకుండానే నేర్చుకున్నావా?" అంది గోరింక.



కొన్నాళ్లకు ఏనుగమ్మ తన గున్నకు బారసాల చేసింది. పాడటానికి గోరింకను పిలిచింది. అడవంతా కదిలి వచ్చింది. ఒక పండైనా దొరకకపోతుందా అని పికిలి కూడా గెంతుకుంటూ వచ్చి ఓ మూల కూర్చుంది.

గోరింక జోలపాట ఎత్తుకుంది. గున్న కళ్లు మూతలు పడుతున్నాయి. సగం పాటలో గోరింక ఉన్నట్టుండి కసిరింది.

"ఒరే చిట్టీ, గూటి అంచుకు రాకురా, పడిపోతావు."

మళ్లీ ఏమీ ఎరగనట్టు పాట అందుకుంది. గున్న ఉలిక్కిపడి లేచింది.

"చిట్టి ఎవరు నాయనా?" అని అడిగింది ఏనుగమ్మ.

"అది పాటలోదేనమ్మా," అంది గోరింక.

"పాటలో ఎందుకుంది?"

 గోరింకకు తెలిస్తే కదా. విన్నది విన్నట్టు పలికింది, అంతే.

మూల నుంచి పికిలి మెల్లగా అంది. "చిట్టి నా కొడుకమ్మా. నేను పాడుతుంటే గూటి అంచుకు వచ్చేవాడు. అందుకే మధ్యలో కసిరేదాన్ని. ఇప్పుడు ఆ భయం లేదు. అంచుదాకా రావడానికి వాడికి ఓపిక లేదు. మాకు పండ్లు వచ్చి చాలా రోజులైంది."

గోరింకకు తల కొట్టేసినట్టయింది. దానికొక్కదానికేనా? కుందేళ్లు నేలచూపులు చూశాయి. ఎలుగుబంటి మొహం పక్కకు తిప్పుకుంది. చౌకగా విన్న చెవులన్నీ అక్కడే ఉన్నాయి మరి.

గోరింక ఒక పండు ముక్కున కరుచుకుని మోదుగ చెట్టుకు ఎగిరింది. గూట్లో తల వాల్చి పడుకున్న పిల్లకు దాన్ని అందించి, "తినరా" అంది. నోట్లోంచి వచ్చింది పికిలి గొంతే.

"వచ్చావా అమ్మా," అన్నాడు చిట్టి, కళ్లు తెరవకుండానే.

ఆ మాటకు గోరింక సిగ్గుతో చచ్చిపోయింది.

"నేను మీ అమ్మను కాదు నాయనా. మీ అమ్మ పాటలు దొంగిలించినవాణ్ణి," అంది.

నీతి: ఒకరు కష్టపడి కట్టినదాన్ని వాళ్లను అడగకుండా వాడుకుంటే అది దొంగతనమే, చౌకగా వస్తోందని మురిసిన వాళ్లకూ అందులో పాలుంది.