గోడ పడగొట్టిన వడ్రంగి

వానలు తెగ కురిసే ఒక కొండరాజ్యంలో మల్లాచారి అనే వడ్రంగి రాజుగారికి రెండంతస్తుల కొయ్యమేడ కట్టాడు. నిలువు నిట్రాళ్లూ అడ్డదూలాలూ చెక్క చీలలతో బిగించి, వాటి మధ్య తడికలు కట్టి మట్టి మెత్తి గోడలు లేపాడు. కట్టినవాడికి మాగాణి ఈనాం ఇస్తానని రాజుగారు ముందే మాటిచ్చారు.

మేడ చూడ్డానికి రాజుగారు రాగానే దివాను అడ్డం వచ్చాడు. "ఆలోచనంతా నాదే ప్రభూ! వీడు నేను చెప్పినట్టు చెక్కాడంతే."

"చిత్తం మహారాజా," అన్నాడు మల్లాచారి. "అయితే దివానుగారిని లోపల కూచోమనండి. నేనీ ముందుగోడ పడగొడతాను."

దివాను లోపల కూచున్నాడు గానీ, వడ్రంగి పలుగు ఎత్తగానే, "ఒరేయ్, మేడంతా మీద పడుతుందిరా!" అంటూ పంచె ఎగ్గట్టి బయటికి ఉరికాడు.

మల్లాచారి పలుగు పక్కనే ఉన్న భార్య చేతికిచ్చి, తను వెళ్లి అదే చోట కూచున్నాడు. "కొట్టవే సూరమ్మా!"

గోడ కూలింది. మేడ కదల్లేదు.

"గోడ ఉన్నది గాలీ వానా ఆపడానికే మహారాజా. బరువు మోసేది నిట్రాళ్లు."

రాజుగారు దివాను వైపు తిరిగారు. "తను కట్టిన ఇంట్లోంచి తనే పారిపోయినవాణ్ణి నిన్నే చూశానయ్యా! ఈనాం మల్లాచారిది. గోడ మళ్లీ లేవాలిగా, దానికి మట్టి నువ్వు తొక్కు."