మేనమామ ఒడి

పార్వతీపురంలో సన్యాసిరావు అని ఒక ఫ్యాన్ల మెకానిక్ ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది కానీ, ఇచ్చిన మాట మాత్రం అతని బుర్రలో నిలిచేది కాదు.

ఒకరి ఫ్యాను విప్పి, అది సగంలో ఉండగానే ఇంకొకరిది విప్పేవాడు. పొయ్యి మీద అన్నం మాడి కంపు కొడితే గానీ గుర్తొచ్చేది కాదు. ఉత్త నిర్లక్ష్యం మనిషని ఊరు తేల్చేసింది. స్నేహితులు పిలవడం మానేశారు. ఎవరేమన్నా అతను నవ్వేసేవాడు. ఆ నవ్వు ఇంటికెళ్ళి తలుపేసుకునేదాకానే. ఆ తర్వాత ఒక్కడే కంచం ముందు కూర్చుని, నాకే ఎందుకిలా అని కుమిలిపోయేవాడు పాపం. అమ్మానాన్నలు పోయారు. నా అన్నది సాలూరులో కాపురముంటున్న చెల్లెలు పైడితల్లి ఒక్కతే.

ఒకసారి నూనె మూకుడు సంగతి మరిచిపోయి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ ఇంటికి మొదటినుంచీ డాక్టర్ కామేశ్వరిగారి వైద్యమే. ఆవిడ కట్టు కడుతూ చిన్నప్పటి సంగతులన్నీ నెమ్మదిగా రాబట్టింది. విజయనగరంలో పెద్ద డాక్టరు దగ్గరికి పంపి, ఆయన మాట కూడా తెప్పించుకుంది.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. ధ్యాస కుదురుగా నిలవదు. చిన్నప్పటినుంచీ ఉన్నదే. నువ్వు నిర్లక్ష్యం మనిషివి కాదు సన్యాసీ" అంది.

ఆ మాట అతనితో అంతవరకు ఎవరూ అనలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాడు.

మందులు వేసుకోమంది. నెలనెలా వచ్చి కనిపించమంది. అయినవాళ్ళకి చెప్పమంది. మొదటి రెండూ చేశాడు. మూడోది చెయ్యలేదు. పిచ్చివాడనుకుంటారని సిగ్గు.

మందు బాగా పనిచేసింది. ఒక ఫ్యాను తిరిగాకే ఇంకోటి ముట్టుకునేవాడు. ఇంకేం, తగ్గిపోయిందనుకున్నాడు. డాక్టరమ్మకి చెప్పకుండానే మందులు మానేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. ఇతగాడు నడి ఏట్లోనే తగలేశాడు.

అప్పుడే పైడితల్లి కూతురికి చెవులు కుట్టించే ముహూర్తం పెట్టారు. పిల్లని మేనమామ ఒడిలోనే కూర్చోబెట్టాలి కదా. అత్తవారి ముందు నా పరువు నిలబెట్టు అన్నయ్యా అని ఆమె ఫోన్లో మరీమరీ చెప్పింది. తప్పకుండా వస్తానన్నాడు. మనసారానే అన్నాడు.

ఆ పొద్దున కొత్త చొక్కా తొడుక్కున్నాడు. బస్సుకి ఇంకా టైముందని ఒక ఫ్యాను విప్పాడు. అంతే. తలెత్తేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

సాలూరు చేరేసరికి బంతి భోజనాలు సాగుతున్నాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. బుల్లి చెవులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎవరూ అతన్ని తిట్టలేదు. రమ్మనీ అనలేదు. వసారాలో ఒక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి పైడితల్లి వచ్చింది. "ఆఖరికి మా బావగారి ఒళ్ళో కూర్చోబెట్టాం. నేనంటే నీకు లెక్కలేదని అందరికీ తెలిసిపోయింది."

ఈసారి సన్యాసిరావు నవ్వలేదు. జబ్బు పేరు చెప్పాడు. మందుల సంగతి, మానేసిన సంగతి కూడా చెప్పాడు.

ఆమె అతని పక్కనే కూలబడింది. "నేను నీకు పరాయిదాన్నయిపోయానని ఇన్నేళ్ళూ ఏడ్చాను. ఈ ముక్క ముందే చెబితే, పొద్దున్నే మనిషిని పంపి నిన్ను రప్పించుకునేదాన్ని కదన్నయ్యా" అంది.

మర్నాడే అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. కళ్ళజోడుతో బాగా కనిపిస్తోందని కళ్ళజోడు తీసేస్తామా అని ఆవిడ మందలించి, మళ్ళీ మందు మొదలుపెట్టింది. ఇక అతను ఏ నెలా ఆవిడ దగ్గరికి వెళ్ళడం మానలేదు. పైడితల్లి తనే ఫోన్ చేసి గుర్తుచేసేది. కానీ ఆ పిల్ల చెవులు మళ్ళీ కుట్టరు కదా. దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా అతని గుండె కలుక్కుమనేది.

జబ్బుని అయినవాళ్ళ దగ్గర దాచకూడదు. తగ్గిందనిపించినా డాక్టరుని అడక్కుండా మందు మానకూడదు.