నీళ్ళలో మునిగిన గొంతు

"మాస్టారూ, మంచి శాపం ఎలా పెట్టాలండి?" అని మృదుల అడిగేసరికి పేర్రాజు మాస్టారు గుమ్మంతో మాట్లాడుతున్నారు.

గుమ్మం దగ్గర నిలబడి ఎవరితోనో కాదు, అచ్చంగా గుమ్మంతోనే. ద్వారబంధం మీద అరచెయ్యి ఆనించి, "ఇన్ని వానలు చూశావు, ఒక్కసారి కిర్రుమన్న పాపాన పోలేదు. నీ ఓర్పే ఓర్పమ్మా" అని చెప్పి, తల వంచుకుని లోపలికొచ్చారు. ఆ గుమ్మం బాగా పొట్టిది. తల వంచడం మరిచిపోయి నుదురు బొప్పి కట్టించుకోని మనిషి ఆ మేడమీదికి రానేలేదు.

నరసాపురంలో లేసు అల్లికలు మూటలు కట్టే గోదాము ఒకటుంది. దాని మేడమీది గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట నడుస్తుంది. మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలువల శాఖలో పటాలు గీశారు. రిటైరయ్యాక లేని దేశాలకి పటాలు గీయడం మొదలుపెట్టారు. ఆ పటం బల్లమీద పరుచుకుని చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు వీరుడవుతారు, ఒకరు దొంగ, ఒకరు మాంత్రికుడు. కథ నడిపేవారు "అదిగో అడవి, అదిగో కోట" అని చెబుతూ ఉంటే, వీళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతారు. జరిగేదీ జరగనిదీ పాచికలు తేలుస్తాయి. దారిలో నిధులుంటాయి, రాక్షసులుంటారు. శాపాలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

మాస్టారి శాపాలంటే అందరికీ సరదా. సత్తెమ్మ పిన్ని ఆడే దొంగకి బంగారం దగ్గరికెళ్తే తుమ్ము వచ్చే శాపం పెట్టారొకసారి. పిన్ని మొదట లబోదిబోమంది. తర్వాత గోడ గోడకీ ముక్కు ఆనించి తుమ్ముకుంటూ వెళ్ళి ఏడు నిధులు పట్టేసింది. బస్సు కండక్టరు వీరభద్రం ఆడే మాంత్రికుడు అబద్ధమాడితే జేబులోంచి కప్ప దూకేది. ఆ కప్పల్నే సైన్యం చేసుకుని అతను ఒక కోట గెలిచాడు.

ఆ బల్ల దగ్గర రెండు ఆచారాలున్నాయి. మొదటిది మాస్టారిది. తాను రాసిన శాపాన్ని పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా ముందు తానే మోస్తారు. ఆ తర్వాతే దాన్ని ఆటలోకి తెస్తారు. అందుకే ఆ శనివారం గుమ్మాలని పలకరిస్తున్నారు. మంచిమాట చెప్పకుండా ఏ గుమ్మమూ దాటకూడదన్నది ఆయన కొత్త శాపం. రెండోది అందరిదీ. శాపం తగిలినవాళ్ళు లేచి నిలబడి, చేతులు జోడించి, "విమోచనం సెలవివ్వండి" అని అడగాలి. శపించినవారు అప్పుడు చెప్పి తీరాలి. పురాణాల్లో మునులకి కోపం చల్లారాక జరిగేది అదే కదా.

మృదుల మాస్టారి శిష్యురాలు. ఇంటర్ దాకా చదివి, కింద గోదాములోనే లేసుకి పువ్వుల నమూనాలు గీస్తుంది. ఆషాఢంలో మాస్టారికి కంటి ఆపరేషన్ అయింది. "నాలుగు వారాలు కథ నువ్వు నడుపమ్మాయ్" అని ఆయన అన్న రోజు ఆ పిల్లకి నేలమీద కాలు నిలవలేదు. వెన్నెల రాత్రుల్లో మాత్రమే ఊరే ఒక చెలమని ఊహించింది. ఆ చెలమకి ఒక దేవకన్యని కాపలా పెట్టింది. ఆ కన్య నోటివెంట రావాల్సిన శాపం కోసం మూడు రోజులు నిద్రాహారాలు మానేసి, ఆకుపచ్చ సిరాతో రాసుకుంది: "నన్నడగక నా నీళ్ళు తాగిన నీ గొంతు, నా నీళ్ళలోనే మునుగుగాక!"

ఆ శాపం ప్రభుదాసు ఆడే వీరుడికి తగిలింది. ప్రభుదాసు మోటార్ల వైండింగ్ కొట్టులో పనిచేస్తాడు. వారమంతా ఆ రొద, సాయంత్రమైతే ఒంటరి అద్దెగది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇక్కడికే వస్తాడు, నూనె రాసి దువ్విన తలతో. బయట నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి, ఈ పటం ముందు కూర్చుంటే రాజులతో వాదిస్తాడు, ఏనుగులతో సరసాలాడతాడు. ఆ మాటలు వింటూ మృదుల ఒక్కోసారి పాచికలు వెయ్యడం కూడా మరిచిపోయేది.

శాపం చదవగానే సత్తెమ్మ పిన్ని, "అబ్బ, ఎంత బాగా రాశావే పిల్లా" అంది. ప్రభుదాసు కూడా నవ్వాడు. లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. విమోచనం అడగడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఒక్క క్షణం అలాగే ఉండి, మూసేశాడు. వీరుడికి గొంతు లేదు కదా. మెల్లిగా కూర్చున్నాడు.

అతను ఆటని ఆటలా తీసుకోని మనిషి. ఆ వేళంతా మాట్లాడలేదు. మరుసటి ఆదివారమూ అంతే, ఆ పై వారమూ అంతే. మృదుల నోటుపుస్తకంలో విమోచనం సిద్ధంగానే ఉంది. శాపం కన్నా అందంగా రాసుకుంది దాన్ని. కాని అడగందే చెబితే శాపానికి విలువేం ఉంటుందని, అతను అడుగుతాడని చూసింది. నాలుగో ఆదివారం ప్రభుదాసు రాలేదు.

"ఇక రాడట" అని సత్తెమ్మ పిన్ని కబురు తెచ్చింది. "ఏరా దాసూ, అలిగావా అంటే, అలకేం లేదు పిన్నీ, మాట్లాడ్డానికేగా అక్కడికొచ్చేవాణ్ణి అన్నాడు."

ఆ ఒక్క మాట మృదులకి వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. రేపు మళ్ళీ ఆదివారం. రేపు రాకపోతే ఇక అతను రాడని ఆమెకి లోపల తెలుస్తూనే ఉంది. అందుకే పొద్దున్నే వచ్చి మాస్టారిని ఆ ప్రశ్న అడిగింది.

మాస్టారు ఆమె వైపు చెయ్యి చాపారు. "నీ శాపం రాసిన కాగితం ఉందా?" అన్నారు. ఆమె నోటుపుస్తకంలోంచి తీసిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఆమె అరచేతిలోనే పెట్టారు.

"పొద్దు గుంకేదాకా ఇది నీది. పద, అలా రేవుదాకా వెళ్ళొద్దాం."

"అంటే మాస్టారూ, నేను..."

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. మృదుల నోరు మూసుకుంది.

మొదట సరదాగానే ఉంది. టిఫిన్ హోటలు ముందు మాస్టారు ఆగి, గుమ్మానికి నమస్కారం పెట్టారు. లోపల పెనం దగ్గరున్న నాగేశ్వరం గరిటె పైకెత్తి, "వచ్చారయ్యా! ఇవాళ గుమ్మాల శాపమటగా, మా గుమ్మానికేం చెబుతారు మాస్టారూ?" అని కేకేశాడు.

"నీ సాంబారు వాసన అందరికన్నా ముందు చూసేది ఇదేనయ్యా. ఇన్నాళ్ళయినా ఒక్క ఫిర్యాదు చెయ్యలేదంటే, ఎంత మంచి మనసో!"

హోటలంతా గొల్లున నవ్వింది. మూలన కాఫీ తాగుతున్న ముసలాయన ఒకరు లేచొచ్చి, ఆ ద్వారబంధం తన తండ్రి చెక్కిందేననీ, విరిగిపోయిన నావ కర్రతో చేశాడనీ చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అక్కడే టిఫిన్ తింటున్నవాళ్ళు ఎవరికీ తెలియని సంగతి అది. పదిమంది గుమ్మం చుట్టూ చేరి కర్రని తడిమి చూశారు.

ఈలోగా వడ్డించే అతను ఏం కావాలని మృదులని అడిగాడు. ఆమె పెసరట్టు కోసం గాలిలో గుండ్రంగా గీసి చూపించింది. అతను వడ తెచ్చి పెట్టాడు. కాదని తలూపింది. ఇంకోటి తెచ్చి పెట్టాడు. చట్నీ కోసం చెయ్యెత్తితే మంచినీళ్ళొచ్చాయి. కాసేపటికి అతను ఆమె వైపు చూడ్డమే మానేశాడు. తప్పు అతనిది కాదు. నావ కథ మీద ఆమెకీ ఒక మంచి మాట తోచింది. నోటిదాకా వచ్చి, అక్కడే కూర్చుంది. దాని వెనక ఇంకో మాట, దాని వెనక ఇంకోటి. అందరూ నవ్వుతున్న చోట తాను ఒక్కతే నీళ్ళ అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టుంది మృదులకి. మూడు ఆదివారాలు, అనుకుంది. ఆ వడ ఇక మింగుడుపడలేదు.

రేవు దారిలోనే మోటార్ల కొట్టు. మాస్టారు అక్కడే ఆగుతారని ఆమెకి ముందే తెలిసిపోయింది. మడత పెట్టిన కాగితాన్ని పిడికిలిలోకి తీసుకుంది.

ప్రభుదాసు రాగితీగ చుట్టుకుంటూ తలెత్తి చూశాడు. గభాలున లేచి నిలబడ్డాడు.

"మృదుల గారూ! రండి. చెప్పాపెట్టకుండా మానేశాను. కోపమొచ్చిందాండీ?"

ఆమె గబగబా తల అడ్డంగా ఊపింది.

"మరి నాతో మాట్లాడ్డం లేదేంటండి?"

ఆమె చేతులు తిప్పింది, కళ్ళు తిప్పింది. అతనికి ఏమీ అర్థం కాలేదు. ముఖం చిన్నబోయింది. "సరేలెండి, ఇష్టం లేకపోతే ఏం చేస్తాం" అని మళ్ళీ తీగ మీదికి వంగాడు. వారం రోజులుగా కూడబెట్టుకున్న క్షమాపణ మృదుల నోట్లోనే ఉంది. ఒక్క మాట అంటే అయిపోతుంది. అనకుండా పిడికిలి బిగించి నిలబడింది. అతను మూడు వారాలు నిలబెట్టుకున్న నియమం, తాను ఒక్క పూట నిలబెట్టుకోకపోతే ఎలా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు ఇంకా బయటే ఉన్నారు. ఆ కొట్టుకి గుమ్మం లేదు, పైకి చుట్టేసిన షట్టరుంది. దాన్నే చూస్తూ ఆలోచించి ఆలోచించి, "పొద్దున్నే తెరుచుకుంటావు, చీకటి పడితే మూసుకుంటావు. ఈ కొట్టుకి నువ్వు కనురెప్పవేనమ్మా" అన్నారు.

ప్రభుదాసుకి నవ్వాగలేదు. "ఇవాళ మీకు తలుపుల శాపమాండీ మాస్టారూ?" అన్నాడు. అంటూనే ఇటు తిరిగాడు. మృదుల పిడికిలిలోంచి కాగితం అంచు బయటికి కనబడుతోంది. ఆకుపచ్చ సిరా. ఆ సిరా అతనికి తెలుసు.

"మీకూనాండీ?" అన్నాడు మెల్లిగా.

ఆమె తలూపింది. చెంపల మీదికి నీళ్ళు జారాయి.

అతను తీగ కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. బల్ల దగ్గర నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, మాస్టారి వైపు చేతులు జోడించాడు. "ఈవిడకి విమోచనం సెలవివ్వండి."

"శాపం ఆ అమ్మాయిది. అడిగేది నువ్వా?"

"ఆవిడ అడగలేరండి. అదెలా ఉంటుందో నాకు తెలుసు. నేనడక్కూడదాండీ?"

మాస్టారు షట్టరు కిందనుంచి లోపలికొచ్చారు. "ఇన్నేళ్ళలో ఒకరికోసం ఇంకొకరు ఎవరూ అడగలేదోయ్" అన్నారు. "మా ఎవ్వరికీ తోచలేదు. నాకూ తోచలేదు. విమోచనం మాత్రం రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది."

మృదుల నోటుపుస్తకం తెరిచింది. తన విమోచనం కళ్ళముందుంది: చుక్కలు ఏడుసార్లు నీళ్ళలో వణికిన వేళ, తెల్ల కలువ తనంత తానుగా వచ్చి పాదాలు తాకితే అని, పేజీ నిండా. ఎంత ముచ్చటపడి రాసుకుంది! ప్రభుదాసు చెవిమీద పెట్టుకున్న పెన్సిలు లాక్కుని, ఆ పేజీ మొత్తం కొట్టేసి, కింద ఒక్క ముక్క రాసి అతని చేతికిచ్చింది.

అతను పైకి చదివాడు. "తోటివాళ్ళు అడిగితే చాలు."

"రేపు రండి ప్రభుదాసు గారూ" అంది మృదుల. క్షమాపణలన్నీ ఎటుపోయాయో, ఆ ఒక్క మాటే వచ్చింది.

"ఆయ్, వస్తానండి." అతను కాస్త సిగ్గుపడ్డాడు. "కానీ ఆ శాపం తీసెయ్యకండి. చాలా బాగుందండి అది. మా వీరుడు మూగగానే ఉంటాడు, నేను సైగలు చేస్తాను. అవేంటో పిన్ని చెప్పాలి. పిన్ని ఏం చెబితే వీరుడు అదే అన్నట్టు లెక్క. తప్పు చెప్పినా సరే."

"తప్పు చెబితేనే మజా" అంది మృదుల, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు ఆ గదిలో నవ్వులకి కింద మూటలు కట్టేవాళ్ళు కూడా పైకొచ్చి చూశారు. కోట వంతెన కూలిపోబోతోందని రాజుకి చెప్పడానికి ప్రభుదాసు రెండు చేతులూ వంచి, ఊపి, కింద పడేసి చూపించాడు. సత్తెమ్మ పిన్ని తేరిపార చూసి, "మహారాజా, మా వాడు మీ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. పల్లకీ కింద పెట్టించండి" అంది. ప్రభుదాసు తల బాదుకున్నాడు. "చూశారా, ఆత్రం!" అంది పిన్ని. పెళ్ళి పీటల దాకా వెళ్ళాక గాని వీరభద్రానికి జాలి కలగలేదు. లేచి, చేతులు జోడించి విమోచనం అడిగాడు. అంతే, వీరుడికి గొంతొచ్చింది. మూడు వారాల మాటలూ ఒక్కసారిగా ఒడ్డెక్కాయి. ఇక ఎవరికీ సందు దొరకలేదు.

అందరూ మెట్లు దిగుతుంటే మృదుల వెనకాగింది. ద్వారబంధం మీద మాస్టారి చెయ్యి మళ్ళీ ఆనుకుని ఉంది.

"మీ శాపం నిన్నటితో తీరిపోయింది కదండీ?"

"తీరింది. అలవాటే పోలేదు."

"మంచి శాపం ఎలా పెట్టాలని నేనడిగినదానికి మీరింకా చెప్పనేలేదు మాస్టారూ."

మాస్టారు ఆమె వైపు తిరగలేదు. తల వంచి గుమ్మం దాటుతూ, దానితోనే అన్నారు: "తల వంచుకోమంటావు, నిజమే. లోపలికి రావద్దని మాత్రం నువ్వెప్పుడూ అనలేదు."