దొర టర్బో కారుకి సాంబ్రాణి పొగ

ఒక వూళ్ళో దొర కొన్న టర్బో కారు లాగడం మానేసి, పెట్రోలు మాత్రం తెగ తాగుతోంది. మెకానిక్ చూసి, పెట్రోలు ప్రెషరు బాగానే ఉంది, కారులో లోపమేమీ లేదన్నాడు.

"అయితే పెట్రోలు దొంగవి నువ్వే. రేపట్నుంచి రాకు," అని దొర డ్రైవరు సింహాద్రి మీద కేకలేశాడు.

దుకాణాలకి సాంబ్రాణి వేసే మస్తాను సాయిబు అక్కడే ఉన్నాడు. "ట్యాంకు తాళంచెవి ఎవరి దగ్గరుంటది దొరా?"

"నా మొలతాడుకే! ఎవడికీ ఇవ్వను."

"అయితే దొంగ తమరన్నా అవ్వాలి, కారన్నా అవ్వాలి. ఎవరికి వెయ్యమంటారు పొగ?"

దొర వెళ్ళి కారు బానెట్టు ఎత్తాడు. సాయిబు నిప్పు దూరంగా ఉంచి, పొడుగాటి గొట్టంతో పొగని ఇంజనుకి గాలి వెళ్ళే దారిలోకి ఊదాడు. టర్బో పక్కన చిటికెనవేలంత రబ్బరు పైపు పగులులోంచి పొగ సన్నగా బయటికొచ్చింది. టర్బో ఇంజనులోకి నెట్టే గాలి అక్కడే పోతోంది, అందుకే కారు లాగక పెట్రోలు తాగుతోంది.

"కొత్త పైపు తెండి సింహాద్రిగారూ," అన్నాడు దొర, మొలతాడు నుంచి తాళంచెవి విప్పుతూ.